ఆరోవాడు

మా తాతయ్య ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు ఇంట్లో మనుషులను లెక్కపెట్టేవారు. వీధి తలుపు గడియ వేసి, అది సరిగా పడిందో లేదో మరోసారి కదిపి చూసి, దీపం ఆర్పి, నడవలో నిలబడి ఒకటి, రెండు, మూడు అని లోగొంతుకతో అంటూ ఒక్కొక్క పక్క దగ్గరా ఆగేవారు. ఒకటి తనే. మెలకువగా ఉన్నవాళ్లం మా అంకె వచ్చినప్పుడు "ఆఁ" అనాలి. నిద్రపోయినవాళ్ల దగ్గర ఊపిరి వినిపించేదాకా వంగి నిలబడేవారు. నా చిన్నతనంలో ఇంట్లో ఉన్నది తాతయ్య, నానమ్మ, నాన్న, అమ్మ, బాబాయి, నేను. లెక్క ఆరు దగ్గర ముగిసేది, ఆయన నడుం వాల్చేవారు. అన్ని ఇళ్లలోనూ తాతయ్యలు ఇలాగే లెక్కపెడతారనీ, అది ఇంటి పెద్దలు చేసే పనుల్లో ఒకటనీ నేను చాలాకాలం నమ్మాను.

1979లో బాబాయికి దూరాన ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ రాత్రి లెక్క ఐదు దగ్గర ఆగింది. తాతయ్య నడవలోనే నిలబడిపోయారు. కళ్లు మూసుకుని పడుకున్న నాకు ఆయన అడుగుల చప్పుడు తలుపు దాకా వెళ్లడం, తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం వినిపించాయి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు, మళ్లీ ఐదే వచ్చింది. మూడోసారి ఐదు అన్న తర్వాత ఆయన ఏదో పేరు పిలిచారు. నాకు అది సరిగా అందలేదు. చాలాసేపు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు చీకట్లోంచి, నానమ్మ పక్క ఉన్న వైపునుంచి, కాస్త బరువైన గొంతుతో "ఆఁ" అని వినిపించింది. తాతయ్య "ఆరు" అని పెద్ద ఊపిరి వదిలి వెళ్లి పడుకున్నారు.

నానమ్మ తన అంకెకు ముందే పలికింది. నేను విన్నాను. తెల్లవారి పెరట్లో ఒంటరిగా దొరికినప్పుడు, "నానమ్మా, రాత్రి రెండుసార్లు ఎందుకు పలికావు?" అని అడిగాను. ఆమె చేస్తున్న పని ఆపకుండా, "నేను పలికింది ఒక్కసారేరా నాన్నా" అంది. అబద్ధం చెబుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఉదయం అలా లేదు.

ఆ రెండో "ఆఁ" ఎవరిదో తెలియడానికి నాకు పన్నెండేళ్లకు పైనే పట్టింది. 1991లో తాతయ్య పోయాక, ఏడాది గడిచిన తర్వాత, నానమ్మ ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఒకేసారి చెప్పలేదు. ఒకనాడు ఒక ముక్క, నాలుగు నెలల తర్వాత ఇంకో ముక్క, ముందు చెప్పినదాన్ని సవరిస్తూ మరో ముక్క. నేను వాటిని నాకు తోచిన వరుసలో పేర్చుకున్నాను. ఈ వరుస నాదే, ఆమెది కాదు.

వాళ్ల పెళ్లి 1940లో జరిగింది. ఆయనకు ఇరవై ఒకటి, ఆమెకు పదహారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సేనల చేతికి చిక్కింది. ఆ వేసవిలోనే తాతయ్య పటాలంలో చేరారు. ఎందుకు చేరారని అడిగితే నానమ్మ "ఆయన చేరారు, అంతే" అనేది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారనీ, వాళ్లంతా స్వచ్ఛందంగా చేరినవాళ్లేననీ పుస్తకాల్లో చదివినప్పుడల్లా, ఆ "స్వచ్ఛందం" అన్న మాటలో ఎన్ని ఇళ్ల అవసరాలు ఇమిడి ఉన్నాయో అనిపిస్తుంది. ఆయనను మద్రాసు సాపర్ల దళంలోకి తీసుకున్నారు. బెంగళూరులో శిక్షణ. సాపర్లంటే సైన్యం ముందుకు కదలడానికి దారి వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లు, శత్రువు పాతిన మందుపాతరలు ఏరేవాళ్లు. ఆయన వెళ్లేనాటికి మా పెద్దత్త నెలల పిల్ల.

ఆ తర్వాత నాలుగేళ్లు వాళ్ల మధ్య ఉన్నది ఉత్తరాలే. నానమ్మకు అప్పటికి చదువు రాదు. ఆమె మాటలను బడిపంతులుగారు కాగితం మీద పెట్టేవారు, వచ్చిన జాబునూ ఆయనే చదివి వినిపించేవారు. "ఇచ్చట మేమందరమూ క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలయ్యే ఆ ఉత్తరాల్లో ఆమె చెప్పాలనుకున్నది ఏదీ ఉండేది కాదు. పరాయి మగవాడి ఎదుట కూర్చుని భర్తకు ఏం చెప్పగలదు? పంతులుగారు మర్యాదస్తులు, ఆమె తడబడిన చోట తనకు తెలిసిన చక్కటి వాక్యం ఒకటి చేర్చేవారు. అటునుంచి వచ్చే జాబులదీ అదే పరిస్థితి. సైనికులు రాసే ప్రతి ఉత్తరాన్నీ సెన్సారు చేసేవారు. ఎక్కడున్నారో తెలిపే మాట ఉంటే కత్తిరించేవారు లేదా సిరా పూసేవారు. అలా ఒక ఉత్తరం మధ్యలో గోరంత చిల్లుతో వచ్చింది. నానమ్మ ఆ చిల్లులోంచి చూపుడువేలు పెట్టి, "మీ నాన్న ఉన్న చోటు ఇందులో ఉంది" అని మా పెద్దత్తకు చూపించేదట.

వేరొకరి నోట వినడం భరించలేక ఆమె చదవడం నేర్చుకుంది. వచ్చిన ఉత్తరాలనే వాచకంగా పెట్టుకుని, పంతులుగారు చదివినప్పుడు విన్న వాక్యాన్ని కాగితం మీద వెతికి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని నేర్చుకుంది. ఆమెకు మొదట పట్టుబడిన మాట "క్షేమం". నేర్చుకోవడానికి అంత కష్టమైన అక్షరంతో మొదలుపెట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటారా అని నేనంటే, "అది లేని ఉత్తరం ఒక్కటీ లేదు కదా మరి" అంది. నాలుగేళ్లలో ఆయన పంపిన ప్రతి జాబులోనూ ఆయన క్షేమమే. అందులో ఒక్క జాబు మాత్రం, 1945 తొలి నెలల్లో రాసినది, ఆ మాట ఉండీ చేతిరాత వంకరపోయి ఉంది. కాగితం మీద కలం ఒకే చోట చాలాసేపు ఆగినట్టు సిరా ఉబ్బింది. ఆమె ఆ ఒక్క జాబును మిగతావాటితో కలపకుండా విడిగా దాచింది.

ఆ నెలల్లో బర్మాలో ఏం జరుగుతోందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 1944 వేసవిలో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాన్ సేనలు ఓడి వెనుదిరిగాక, జనరల్ స్లిమ్ నాయకత్వంలోని బ్రిటిష్ పద్నాలుగో సైన్యం వాళ్లను తరుముతూ బర్మాలోకి దిగింది. నదులు దాటనిదే ఆ దేశంలో ముందుకు పోలేరు. 1944 డిసెంబర్‌లో కలేవా దగ్గర చిండ్విన్ నది మీద 1,154 అడుగుల పొడవున బెయిలీ వంతెన కట్టారు. ఇంత పొడవైన బెయిలీ వంతెన అప్పటికి ఎక్కడా లేదు. తాతయ్య నది పేరు చెప్పగా మేం విన్నది ఆ ఒక్కటే: "చిండ్విన్ దాటాం." దాటాక ఏం జరిగిందో ఎన్నడూ చెప్పలేదు.

బెయిలీ వంతెన గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేవారు. దాని అందమంతా పానెల్‌లో ఉందనేవారు. ఉక్కు చట్రం, పది అడుగుల పొడవు, ఐదు అడుగుల ఎత్తు, 570 పౌన్ల బరువు. యంత్రం అక్కర్లేదు, ఆరుగురు మనుషులు ఎత్తి మోసుకుపోగలరు. ఒకదానికొకటి తగిలించి పిన్నులు దిగగొట్టుకుంటూ పోతే వంతెన పెరుగుతుంది. "ఆరుగురు కావాలి" అనేవారు చేతులతో ఆ ఎత్తు చూపిస్తూ. "ఐదుగురైతే లేవదు. లేచినా నిలవదు." నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఇది ఇంజనీరింగు పాఠంలా ఉండేది. ఆ ఆరుకూ రాత్రిపూట నడవలో వినిపించే ఆరుకూ సంబంధం ఉందని నాకు తోచలేదు. ఇంట్లో ఇంకెవరికైనా తోచిందో లేదో కూడా చెప్పలేను.

ఆయన 1946లో తిరిగి వచ్చారు. ఆ వేళ నానమ్మ ఆయనను గుర్తుపట్టలేదు. మలేరియా రాకుండా సిపాయిలకు రోజూ మింగించిన మెపాక్రిన్ బిళ్లలు ఒంటిని పసుపు పచ్చగా మార్చేవి. ఆ పసుపు ఇంకా పూర్తిగా వదలని ముఖంతో, సగానికి తగ్గిన ఒళ్లుతో గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి, ఎవరో వచ్చారని లోపలికి వెళ్లి అత్తగారికి చెప్పింది. కన్నతల్లి గొంతు విని పోల్చుకుంది. నాలుగు దాటిన మా పెద్దత్త మాత్రం చాలా నెలలు ఆయన దగ్గరికి పోలేదు. ఆమెకు తండ్రి అంటే కాగితంలోని చిల్లు.

గుర్తుపట్టలేకపోయినందుకు నానమ్మ జీవితమంతా నొచ్చుకుంది. కానీ అసలు దెబ్బ ఆ తర్వాత కొద్ది నెలలకు తగిలింది. యుద్ధానికి ముందు తామిద్దరూ కలిసి గడిపిన రెండేళ్లు ఆయనకు జ్ఞాపకం లేవని ఆమెకు మెల్లమెల్లగా అర్థమైంది. పెళ్లి జరిగిందని తెలుసు, ఎవరెవరు వచ్చారో తెలుసు. మనసుకు తగిలే విషయాలేవీ లేవు. ఒకసారి ఇద్దరూ పొలాల గట్టున నడిచి వస్తుండగా వాన ముంచెత్తిందట. ఓ చెట్టు కింద నిలబడిపోయారు. ఎవరైనా చూస్తారేమోనని ఆమె దూరంగా జరిగితే, ఆయన నవ్వి తానే వానలోకి వెళ్లి నిలబడి చెట్టంతా ఆమెకు వదిలారట. పదిహేడేళ్ల పిల్లకు ఆ రోజు ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లు ఆ వాననే తలుచుకుంటూ గడిపింది. ఆయనకు గుర్తుచేస్తే, పక్కింటివాళ్ల సంగతి వింటున్నట్టు మర్యాదగా విని, "అలాగా" అన్నారు.

మెదడు గురించి కొద్దో గొప్పో చదివాక నాకు ఇందులో వింత కనిపించడం లేదు. ప్రాణభయం కలిగిన క్షణాలను, ఒంట్లో ఊరే రసాయనాల బలంతో, మెదడు మామూలు అనుభవాలకన్నా లోతుగా చెక్కుకుంటుంది. ఆ క్షణాలకు కాలం, స్థలం సరిగా అంటుకోకపోవడం వల్ల అవి గతంలో ఉండిపోక, ఏ చప్పుడుకో వాసనకో ఇప్పుడే జరుగుతున్నట్టు లేచి వస్తాయి. పానెల్ బరువు, పిన్ను పొడవు, రాత్రి చీకట్లో పిలుపులు ఆయనకు అలా మిగిలాయి. చెట్టు కింద వాన మిగలలేదు. ఇది తెలియని నానమ్మ ఏం చేసిందంటే, పోయిన ఆ రెండేళ్లనూ తిరిగి ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. సందర్భం దొరికినప్పుడల్లా, పిల్లలు నిద్రపోయాక, ఒక్కొక్క రోజూ ఒక్కొక్కటిగా. ఆయన వినేవారు. ఏళ్లు గడిచాయి.

నాకు పదిహేనేళ్లున్నప్పుడు ఒక వానరోజు తాతయ్య తనంతట తానే నాకు ఆ చెట్టు కథ చెప్పారు. గట్టు మీద నీళ్లు, ఆమె దూరంగా జరగడం, తాను వానలోకి వెళ్లడం, అన్నీ. ఆయన ముఖంలో వెలుగు ఉంది. "నా చేతిలో గొడుగుంది, కానీ గాలికి వెనక్కి విరిగిపోయింది" అని కూడా అన్నారు. చాలాకాలం తర్వాత, నానమ్మ ఇవన్నీ చెబుతున్న రోజుల్లో, నేను ఆ గొడుగు సంగతి ఎత్తాను. ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "గొడుగు లేదురా. అది నేను కలిపింది. ఎన్నిసార్లని అదే చెప్పను? ఒకసారి ఊరికే ఒక గొడుగు పెట్టాను." ఆయన వెలుగుతున్న ముఖంతో నాకు చెప్పిన జ్ఞాపకం, అంటే, మొత్తం ఆమెదే. ఆమె దాన్ని అంచెలంచెలుగా ఆయనలోకి చేర్చింది. ఆయన దాన్ని ప్రేమగా దాచుకున్నారు. ఇది నిజమైన జ్ఞాపకమా కాదా అని నన్ను ఎవరైనా అడిగితే వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఇక ఆ పేరు. పద్నాలుగో సైన్యం నిజంగా పోరాడింది రోగంతో. గాయపడి ఆసుపత్రికి వెళ్లే ఒక్కొక్క సైనికుడికీ 1943లో 120 మంది జబ్బుతో వెళ్లేవారని స్లిమ్ స్వయంగా రాశారు. తాతయ్యకూ మలేరియా అంటుకుంది, ఇంటికి వచ్చాక కూడా రెండు మూడేళ్లు తిరగబెడుతూ వచ్చింది. ఆ జ్వరాల్లో ఆయన మాట్లాడేవారు. పగలు నోరు విప్పని మనిషి రాత్రి మండే ఒంటితో చెప్పినవాటిని నానమ్మ తడిగుడ్డ వేస్తూ వింది. చీకటి. దీపం వెలిగించకూడదు. పెద్ద నది దాటాక ఏదో చిన్న నది. ఆరుగురు పానెల్ భుజాన వేసుకుని నీళ్లలోకి దిగారు. ఎత్తడానికీ దించడానికీ లెక్కచెప్పే బాధ్యత తాతయ్యది. గుండు పడింది. ఆయన "వదలండి" అన్నారు, వదిలారు. ఆ తర్వాత చీకట్లో ఎవరు మిగిలారో తెలుసుకోవడానికి ఒక్కటే దారి: అంకెలు పిలిచి గొంతులు వినడం. ఐదు గొంతులు పలికాయి. ఆరో అంకె పిలిచారు. పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. ఇనుము కింద నీళ్లలో ఉన్నవాడు ఎలా పలుకుతాడు?

జ్వరం ముదిరినప్పుడు ఆయన మంచం మీద లేచి కూర్చుని ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి ఆ పేరు పిలిచేవారు. పిలిచి, చెవి ఒగ్గి, జవాబు కోసం ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపును నానమ్మ నాకు వర్ణించలేదు, చూపించింది. మెడ కాస్త ముందుకు చాచి, కళ్లు ఎక్కడో పెట్టి, ఊపిరి బిగబట్టి చూపించింది. "మొదట్లో నాకు కుళ్లుగా ఉండేది" అంది. "భార్యను పేరు పెట్టి పిలిచే కాలం కాదు కదా మాది. ఆయన నోట నేను విన్న పేరు ఆ ఒక్కటే. ఎవరబ్బా వీడు, నా మొగుడు నిద్రలో ఇంతగా పిలుస్తున్నాడు అనుకునేదాన్ని." ఎన్నో రాత్రులు ఆమె ఆయనను పట్టుకుని, ఇక్కడ ఎవరూ లేరు, మన ఇంట్లోనే ఉన్నారు అని నచ్చజెప్పింది. ఆ మాట ఆయనకు చేరేది కాదు, తెల్లవార్లూ పిలుస్తూనే ఉండేవారు. ఒక రాత్రి ఆమెకు ఓపిక నశించింది. ఆ పేరు పిలవగానే గొంతు లావు చేసి "ఆఁ" అంది. ఆయన వెంటనే వాలి, చంటిపిల్లాడిలా నిద్రపోయారు.

జ్వరాలు పోయాయి. లెక్క పోలేదు. మొదట్లో తల్లి, భార్య, కూతురు, తానూ కలిసి నలుగురు. 1947లో మా నాన్న, 1950లో బాబాయి పుట్టాక ఆరుగురయ్యారు. ఇంట్లో ఆరుగురున్న ఆ ఎనిమిదేళ్లూ ఆయన బాగా నిద్రపోయారని నానమ్మ ఎంతో మురిపెంగా చెప్పేది. 1958లో ముత్తవ్వ పోయింది. అప్పటినుంచి ఎవరో ఒకరు చేరి ఆరు నిండేదాకా, మళ్లీ ఎవరైనా వెళ్లి ఆరు తగ్గినప్పుడల్లా, ఆ వెలితిని నానమ్మే పూడ్చింది. నేను విన్న 1979 రాత్రి వాటిలో ఒకటి. ఎన్ని రాత్రులు? ఆమె లెక్కపెట్టలేదు. తాను చేస్తున్నది మోసమేమోనన్న బాధ మాత్రం ఆమెను వదల్లేదు. "చచ్చిపోయినవాడి గొంతు నేను పెట్టుకోవచ్చునా? పాపం కాదా?" అని నన్నే అడిగింది, నాకు సమాధానం తెలుసన్నట్టు. మెలకువగా ఉన్నప్పుడు ఆమె గొంతు ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసే ఊరుకున్నారా, తెలియక పడుకున్నారా? నలభై ఏళ్లు ఆ ప్రశ్నను ఆమె ఆయనను అడగలేదు. అడిగితే ఆ తర్వాత "ఆఁ" పనిచేయదని భయం.

ఈ బాధకు వైద్యులు పేర్లు మారుస్తూ వచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో "షెల్ షాక్" అన్న మాట వాడాడు. ఆ తర్వాత ఇంకేవో పేర్లు వచ్చాయి. ఇప్పుడు మనం పీటీఎస్‌డీ అంటున్నది అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకంలోకి ఎక్కింది 1980లో, అదీ వియత్నాం నుంచి వచ్చినవాళ్ల పుణ్యమా అని. అప్పటికి తాతయ్య ఇంటికి తిరిగి వచ్చి ముప్పై నాలుగేళ్లు. ఆయనకు నిద్రపట్టడం లేదని నాన్న ఒకసారి తీసుకువెళ్తే, చూసిన డాక్టరు వయసు మీదపడుతోంది అని చెప్పి పంపించాడు. నేను ఆ డాక్టరును తప్పుపట్టను. యుద్ధం ఎప్పుడో అయిపోయిందని అందరిలాగే ఆయనా అనుకున్నాడు. ఆ యుద్ధంలో సుమారు 87,000 మంది భారత సైనికులు చనిపోయారు. తిరిగి వచ్చినవాళ్లలో ఎంతమంది రాత్రిపూట లేచి కూర్చునేవారో, ఎన్ని ఇళ్లలో భార్యలు ఏయే ఉపాయాలు పన్నారో ఎవరు రాసిపెట్టారు? మా నానమ్మ ఆయనను నయం చేయలేదు. ప్రేమ అన్ని గాయాలనూ మాన్పుతుందనేవాళ్లు ఆమె ఎదుట ఆ మాట అంటే బాగుండేది కాదు. ఆయన 1991లో పోయిన రాత్రికి ముందు రాత్రి కూడా లెక్కపెట్టారు.

చివరి రోజుల్లో నానమ్మ మనసును పట్టుకున్నది మరో మనిషి. ఆ ఆరోవాడికి భార్య ఉండి ఉంటుంది, లేదా తల్లి. శవం దొరకని మరణం ఇంట్లోవాళ్లను ఏం చేస్తుందన్నదాని మీద 1970లలో అమెరికాలో పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు, వియత్నాంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడి చాలా రాసింది. పోయాడని ఏడవలేరు, ఉన్నాడని బతకలేరు, ఏ పనీ పూర్తికాదు. నానమ్మ ఇవేవీ చదవలేదు. ఒక సాయంత్రం నాతో ఇలా అంది: "మీ తాత పిలిస్తే నేను పలికాను. ఆ పిల్ల పిలిస్తే ఎవరు పలికి ఉంటారు?"

ఆ పేరు ఏమిటని నేను అప్పుడు అడిగాను. ఆమె చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. పేరుంటే ఎక్కడో ఒకచోట వెతకొచ్చు, ఆ ఇంటివాళ్లకు కబురైనా చేర్చవచ్చు అని వాదించాను. "ఆయన నాతో చెప్పలేదురా, జ్వరంలో జారింది. ఆయన ఇవ్వనిది నేను నీకెలా ఇస్తాను?" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

2004లో ఉద్యోగపు పని మీద నేను రంగూన్ వెళ్లవలసి వచ్చింది. ఒక రోజు ఖాళీ చేసుకుని, ఊరికి ఉత్తరంగా ఉన్న తౌక్యాన్ యుద్ధ శ్మశానానికి వెళ్లాను. ఆరు వేలకు పైగా సమాధులు అక్కడ ఉన్నాయి. వాటి మధ్య, బర్మా పోరాటాల్లో చనిపోయి సమాధి కూడా లేనివాళ్ల కోసం కట్టిన రంగూన్ స్మారకం ఉంది. పొడవాటి తెల్లని స్తంభాల వరుసలు, వాటినిండా పేర్లు, సుమారు 27,000. దాన్ని ఆవిష్కరించింది 1958లో. మా ఇంట్లో ఆరు ఐదైన సంవత్సరం. అంకితవాక్యం ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిలలో ఉంది, తెలుగులో లేదు. పేర్లు దళాల వారీగా ఉంటాయి కనుక మద్రాసు సాపర్లను వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. ఆ స్తంభాల ముందు నిలబడ్డాక నాకు ఏం చేయాలో పాలుపోలేదు. అందరూ అక్కడికి ఒక పేరు పట్టుకుని వస్తారు, దాన్ని వేలితో తడుముతారు. నాకు పేరు లేదు. అక్కడున్న వాళ్లలో ఒకడు మా ఇంట్లో నలభై ఏళ్లకు పైగా రాత్రిపూట లెక్కకు వచ్చినవాడు. ఎవరో తెలియక అందరి ముందూ ఒకేలా నిలబడ్డాను. సాపర్ల పేర్లున్న భాగాన్నంతా ఫోటోలు తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ ఫోటోలు నానమ్మకు చూపించి లాభం లేదని తెలిసింది, ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని రోజూ రాత్రి కాసేపు కూర్చుని ఆ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాశాను. తమిళ పేర్లు, మలయాళ పేర్లు, మనవాళ్ల పేర్లు. ఇంగ్లీషులో వాటి దీర్ఘాలు, ఒత్తులు పోయి ఉన్నాయి. కొన్నిచోట్ల ఊహించి పెట్టాను. పుస్తకం ఆమె చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆమె కళ్లను కనిపెట్టుకుని కూర్చున్నాను, ఏ పేరు దగ్గర ఆగుతాయోనని.

ఎనభై ఏళ్ల మనిషి, కళ్లజోడు సర్దుకుని, మొదటి పేరు మీద వేలు పెట్టి, ఉత్తరాలను చదవడం నేర్చుకున్న రోజుల్లోలాగే కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. నేను దీర్ఘం తప్పు పెట్టిన చోట్ల ఆమే సరిచేసుకుని చదివింది. ప్రతి పేరుకూ ఒకే వేగం, ఒకే గొంతు. వేలు ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం మొదలుపెట్టినది చీకటి పడేదాకా సాగింది. నేను లేచి దీపం వేసి వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఆఖరి పేరు అయ్యాక పుస్తకం మూసి, కాసేపు ఒళ్లోనే ఉంచుకుని, నాకు తిరిగి ఇచ్చింది.

"అందరూ ఉన్నారు" అంది. "ఇక పడుకో."